చివర్లో పిలిచే పేర్లు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు, ఒక్కో ఎంపికను పిక్ అంటారు. జూన్‌లో ఆ డ్రాఫ్ట్ అయిన వారానికే ఈ శీర్షికకు ఉత్తరాలు వచ్చి పడతాయి. ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా రెండో రౌండ్ గురించే అడిగారు. నాకు చాలా సంతోషం వేసింది. మొదటి ఐదు పేర్ల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. నేను ఓహాయోలో ఒక చిన్న కాలేజీ జట్టుకు తొమ్మిది సీజన్లు వీడియో పని చేశాను. కిటికీ లేని గది, గోడ అవతల జెర్సీలు ఆరబెట్టే డ్రయర్ల హోరు. అక్కడ కూర్చుని ఒక్కో కుర్రాడి ఆటను ముక్కలుగా కత్తిరించి కోచ్‌ల చేతికి ఇచ్చేదాన్ని. మా కాలేజీ పిల్లలెవరూ మొదటి రౌండ్ దరిదాపులకు వచ్చేవాళ్లు కాదు. అందుకే నలభై దాటాక పిలిచే పేర్లంటే నాకు మొదటినుంచీ పట్టింపు ఎక్కువ.

ప్రశ్న: మేడమ్, మేం డల్లాస్ వచ్చి రెండేళ్లయింది. మా ఆయన, పిల్లలు డ్రాఫ్ట్ చూస్తుంటే నేనూ కూర్చుంటున్నాను. మొదటి రౌండ్‌కి ఉన్న హడావిడి రెండో రౌండ్‌కి ఎందుకు ఉండదు? తేడా ఏమిటి?
– ఒక గృహిణి, డల్లాస్

జవాబు: తేడా అంతా కాంట్రాక్టులో ఉందమ్మా. 30 జట్లు, రెండు రౌండ్లు, లెక్క ప్రకారం 60 పిక్‌లు. ఏదైనా జట్టు నిబంధన తప్పి తన పిక్ పోగొట్టుకున్న ఏడాది 58 లేదా 59 అవుతాయి. మొదటి రౌండ్‌లో ఎంపికైన కుర్రాడి జీతానికి ముందే రాసిపెట్టిన పట్టిక ఉంటుంది, మొదటి రెండేళ్ల డబ్బుకు పూచీ ఉంటుంది. రెండో రౌండ్‌లో ఆ పూచీ లేదు. పేరు పిలుస్తారు, అంతే. కాంట్రాక్టు ఇస్తారా, ఇస్తే ఎన్నాళ్లకు, ఎంత డబ్బు ఖాయం అన్నదంతా తర్వాత బేరమాడుకోవాల్సిందే. 2024 నుంచి రెండో రౌండ్‌ను మర్నాటికి మార్చారు కాబట్టి టీవీ ముందు జనం ఇంకా పలచబడ్డారు.

జట్లు ఈ పిక్‌లను ఎంత తేలిగ్గా చూసేవో తెలియాలంటే కైల్ కోర్వర్ సంగతి వినాలి. 2003లో న్యూజెర్సీ నెట్స్ అతన్ని 51వ పిక్‌గా తీసుకుని, ఆ రాత్రే ఫిలడెల్ఫియాకు 1,25,000 డాలర్లకు అమ్మేసింది. ఆ డబ్బులో కొంత, వేసవిలో కొత్త కుర్రాళ్లను ఆడించి చూసే సమ్మర్ లీగ్ ఫీజు కట్టడానికి పోయింది, మిగిలినదాంతో ఆఫీసుకు ఒక ఫోటోకాపీ మెషీన్ కొన్నారు. కోర్వర్ 17 సీజన్లు ఆడి 2,450 త్రీ పాయింటర్లు, అంటే దూరం నుంచి కొట్టే మూడు పాయింట్ల షాట్లు వేశాడు, 2015లో మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ఎంపికయ్యాడు. మీ పిల్లలు రెండో రౌండ్ మొదలవగానే టీవీ కట్టేస్తుంటే ఈ కథ చెప్పండి. ఇంకాసేపు చూస్తారు.

ప్రశ్న: అక్కా, నికోలా యోకిచ్ మూడుసార్లు ఎంవీపీ, అంటే ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. 2014లో అతను 41వ పిక్. అన్ని జట్లలో ఆటగాళ్లను వెతికే స్కౌట్లు అంతమంది ఉండి ఒక్కరికీ కనపడలేదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, న్యూజెర్సీ

జవాబు: కనపడలేదనకు తమ్ముడూ, అందరికీ కనపడ్డాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో పోర్ట్‌లాండ్‌లో నైకీ హూప్ సమ్మిట్ ఆడాడు. ఎన్‌బీఏ స్కౌట్లు వరసలు కట్టి కూర్చునే మ్యాచ్ అది. వాళ్లు చూసిందేమిటి? ఒళ్లు చేసిన 19 ఏళ్ల కుర్రాడు. పరుగులో వేగం లేదు, ఎగిరితే నేల వదిలాడా లేదా అని చూసుకోవాలి. సెర్బియాలో సోంబోర్ అనే ఊరివాడు, ఆడేది ఏడ్రియాటిక్ లీగ్‌లో. రోజుకు మూడు లీటర్ల కోకకోలా తాగేవాడినని తర్వాత తనే చెప్పాడు. వాళ్లు రాసుకున్నవన్నీ నిజాలే, ఒక్క మాటా అబద్ధం లేదు. ఆ నిజాలకు ఎంత తూకం వెయ్యాలన్న దగ్గర పొరపడ్డారు.

అలాగని అతన్ని తీసుకున్న డెన్వర్ జట్టును మరీ ఆకాశానికెత్తకు. ఆ రాత్రి వాళ్లు తమ 11వ పిక్‌ను షికాగోకు ఇచ్చి 16, 19 తీసుకున్నారు. వాటితో యూసుఫ్ నుర్కిచ్‌ను, గ్యారీ హ్యారిస్‌ను ఎంచుకున్నారు. నుర్కిచ్ కూడా సెంటరే, అంటే రింగు దగ్గర ఆడే పొడుగువాడే, అదే ఏడ్రియాటిక్ లీగ్ నుంచి వచ్చినవాడే. యోకిచ్ ఇంతవాడవుతాడని వాళ్లకు తెలిసుంటే 41 దాకా ఆగేవాళ్లా? ఆ పేరు చదివిన సమయానికి టీవీలో టాకో బెల్ ప్రకటన నడుస్తోంది. యోకిచ్ ఇంట్లో నిద్రపోతున్నాడు, అన్న ఫోన్ చేసి లేపి చెప్పాడు.

అయినా డెన్వర్‌కు ఇవ్వాల్సిన పేరు ఉంది. వాళ్ల మనుషులు అతని ఒంటిని కాదు, అతను బంతి వదిలే తీరును చూశారు. వీలైతే అతని పాత టేప్ ఒకటి వేసుకుని, శబ్దం తీసేసి చూడు. ఫ్రీ త్రో గీత మూల దగ్గర బంతి అందుకుంటాడు. అంత పొడుగువాళ్లలో చాలామంది అందుకోగానే బంతిని నడుము దాకా దించి, ఒకసారి కొట్టి, రింగు వైపు తిరుగుతారు. ఈ కుర్రాడు దించడు. రెండు చేతులతో తల పైనే పట్టుకుని నిలబడతాడు. అవతల మూల నుంచి తన జట్టువాడు పరిగెత్తుకొస్తుంటే వాణ్ని కాసే డిఫెండర్ ఒక్క క్షణం మెడ తిప్పుతాడు. మెడ తిరిగేసరికి బంతి గాలిలో ఉంటుంది. అందుకోవాల్సినవాడు ఇంకా చేతులు కూడా చాచలేదు, బంతి వచ్చి అరచేతుల్లో పడుతుంది. నేను ఈ ఒక్క పాస్‌ను పదేసి సార్లు వెనక్కి తిప్పి చూసిన రాత్రులున్నాయి. ఎగరలేకపోయినా ఈ విద్య ఉంటుంది, ఒళ్లు వచ్చినా ఇది పోదు. ఒళ్లు తగ్గించుకోవచ్చు. ఆ చూపు మాత్రం ఎవరూ నేర్పి పెట్టలేరు.

తర్వాత వాళ్లు ఇంకో ఏడాది అతన్ని సెర్బియాలోనే ఆడనిచ్చారు. అతను ఆ లీగ్‌లో ఎంవీపీ అయ్యాకే డెన్వర్ వచ్చాడు. వచ్చాక కూడా నుర్కిచ్, యోకిచ్ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూశారు, కుదరలేదు. 2016 డిసెంబర్‌లో సెంటర్ స్థానం యోకిచ్‌కు అప్పగించి, 2017 ఫిబ్రవరిలో నుర్కిచ్‌ను పోర్ట్‌లాండ్ పంపేశారు. 16వ పిక్‌ను వదులుకుని 41వ పిక్‌కు దారి ఇవ్వడం మేనేజర్లకు తేలిక కాదు. ముందు పిక్ పెట్టి తెచ్చుకున్నవాడి వైపే మొగ్గు చూపడం మనుషుల గుణం. 2023లో డెన్వర్‌కు వచ్చిన ఎన్‌బీఏ ట్రోఫీకి మూలం నన్నడిగితే డ్రాఫ్ట్ రాత్రి కన్నా ఆ డిసెంబరే.

ఇక నీ ప్రశ్నలో అసలు సంగతి. నేను నోటుపుస్తకంలో ప్రతి కుర్రాడి పేరు కింద ఒకే ప్రశ్న రాసుకునేదాన్ని: ఇతను ఎందుకు కిందికి జారాడు? ముప్పై పైన మిగిలిన ప్రతివాడిలో ఏదో ఒక లోటు అందరికీ తెలిసే ఉంటుంది. ఆ లోటు ఆటలో ఎంతవరకు అడ్డం వస్తుంది, అది పోయేదా ఉండేదా అన్నది చూడాలి. డ్రేమండ్ గ్రీన్‌ను చూడు. మిషిగన్ స్టేట్ కాలేజీలో నాలుగేళ్లు ఆడాడు, 2012లో 35వ పిక్. అతన్ని తీసుకున్న గోల్డెన్ స్టేట్ జట్టు అదే డ్రాఫ్ట్‌లో అతనికన్నా ముందు 7వ పిక్‌తో హ్యారిసన్ బార్న్స్‌ను, 30వ పిక్‌తో ఫెస్టస్ ఎజీలీని తీసుకుంది. గ్రీన్ మీద అందరికీ ఉన్న సందేహం ఒకటే: 6 అడుగుల 6 అంగుళాల వాడు ఎవరిని కాయగలడు? పొడుగువాళ్ల ముందు పొట్టి, బంతి నడిపించే చురుకైన గార్డుల ముందు బరువు. కానీ అతని రెండు చేతుల బార ఏడడుగులు దాటింది, నోరు మూయకుండా తోటివాళ్లను ఎక్కడ నిలబడాలో చెబుతూనే ఉంటాడు. ఎవరినీ కాయలేడనుకున్నవాడు అయిదు స్థానాలవాళ్లనూ కాశాడు. అది కూడా 2014–15 సీజన్ మొదట్లో అదే జట్టులోని డేవిడ్ లీకి తొడ కండరం పట్టేసి చోటు ఖాళీ అయితేనే తెలిసింది. 2017లో ఉత్తమ డిఫెండర్ అవార్డు అతనిదే.

క్రిస్ మిడిల్టన్ కాలేజీ చివరి ఏడాది మోకాలి దెబ్బతో కొన్ని మ్యాచ్‌లు ఆడలేకపోయాడు కాబట్టి 39కి జారాడు. మోకాలు నయమైంది, 2021లో మిల్వాకీతో చాంపియన్ అయ్యాడు. మాల్కమ్ బ్రాగ్డన్ వయసు 23 కాబట్టి 36కి జారాడు. మొదటి ఏడాదే, కొత్తవాళ్లలో ఉత్తముడికిచ్చే రూకీ ఆఫ్ ద ఇయర్ తీసుకున్నాడు. ఇవి పోయే లోట్లు, లేదా లోటే కానివి. బంతి చేతికొస్తే తల ఎత్తనివాడు, డిఫెన్స్‌లో తనవాడు దాటిపోతే మళ్లీ వెంటపడనివాడు, వీళ్ల లోటు వేరు. అలాంటివాణ్ని ఎంత ఎగిరినా నేను తీసుకోను.

ఒక మాట చెప్పాలి. మా కాలేజీలో ఒక గార్డు వీడియో ఫైలుకు నేనే 'స్లో' అని పేరు పెట్టాను. గుర్తుగా ఉంటుందని పెట్టిన పేరు. ఆ ఏడాదంతా ఆ ఫైలు తెరిచిన ప్రతి కోచ్ మొదట చదివింది ఆ మాటే. చాలా రోజుల తర్వాత తీరిగ్గా చూస్తే అర్థమైంది, ఆ కుర్రాడు నిదానంగా ఆడుతున్నాడు, నిదానమైనవాడు కాదు. ఎప్పుడు ఆగాలో తెలిసినవాడు. ఆ తప్పు నాదే. అప్పటినుంచి ఫైళ్లకు జెర్సీ నంబరు, తేదీ తప్ప ఇంకేమీ రాయలేదు.

ప్రశ్న: నేను డేటా పని చేస్తాను. కళ్లతో చూసి ఆటగాణ్ని అంచనా వేసే పద్ధతికి కాలం చెల్లిందని నా అభిప్రాయం. రెండో రౌండ్‌లో ఏ అంకెలు నమ్మాలి?
– ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: అంకెలతోనే మొదలుపెడదాం, నాకేం అభ్యంతరం లేదు. నేను మొట్టమొదట చూసేది ఫ్రీ త్రో, అంటే ఫౌల్ జరిగాక గీత దగ్గర నిలబడి వేసే షాట్. ఒక కాలేజీ కుర్రాడు సీజన్‌లో వేసే త్రీ పాయింటర్లు వందో, నూట యాభయ్యో. ఆ మాత్రం దానితో చెయ్యి మంచిదో కాదో తేలదు, పైగా కాలేజీ త్రీ పాయింట్ గీత ఎన్‌బీఏ గీత కన్నా దగ్గర. ఎన్‌బీఏలో 23 అడుగుల 9 అంగుళాలు, కాలేజీలో 22 అడుగుల పైన కొద్దిగా. ఫ్రీ త్రోకు ఎదురు ఎవరూ ఉండరు, దూరం మారదు, రెండు చోట్లా ఒకటే. త్రీలు ముప్పై శాతమే వేసినా ఫ్రీ త్రోలు ఎనభై అయిదు శాతం వేసే కుర్రాడుంటే, వాడి చేతిలో షాట్ ఉందని నేను నమ్ముతాను. మిగతాది సాధన.

తర్వాత స్టీల్స్. బంతి దొంగిలించడానికి చేతి వేగం ఎంత కావాలో, అవతలివాడు ఏం చెయ్యబోతున్నాడో ముందే పసిగట్టడం అంత కావాలి. రీబౌండ్లు, అంటే తప్పిన షాట్ బంతిని పట్టుకోవడం, కూడా కాలేజీ నుంచి ఎన్‌బీఏకి బాగానే వెంట వస్తాయి. పాయింట్లను మాత్రం నమ్మకండి. బలహీనమైన జట్టులో బంతంతా ఒకడి చేతిలోనే ఉంటే ఇరవై పాయింట్లు ఎవరైనా వేస్తారు.

వయసు దగ్గరే మీతో నాకు చిన్న పేచీ. 19 ఏళ్లవాడి 15 పాయింట్లు, 23 ఏళ్లవాడి 15 పాయింట్లు ఒకటి కావని మీ మోడళ్లన్నీ చెబుతాయి. మొదటి పది పిక్‌లలో అది నూటికి నూరు పాళ్లు నిజం. అక్కడ కొనేది రేపటి ఆటను. ముప్పై అయిదు దాటాక మీరు కొనేది రెండేళ్లలో బెంచి మీద నుంచి లేచి పదిహేను నిమిషాలు ఆడగలిగేవాణ్ని. అక్కడ కూడా వయసు పేరుతో అంతే కోత వేస్తే బ్రాగ్డన్ లాంటివాళ్లు, హెర్బ్ జోన్స్ లాంటివాళ్లు పక్కవాడి పాలవుతారు. అలబామాలో నాలుగేళ్లు డిఫెన్సే ఊపిరిగా ఆడిన జోన్స్ 2021లో 35కి దొరికాడు, మొదటి ఏడాదే ప్రధాన జట్టులో ఆడాడు.

ఇక కళ్ల సంగతి. 2007లో హ్యూస్టన్ రాకెట్స్ దగ్గర అంకెల మోడల్ మార్క్ గసోల్‌ను మెచ్చింది. అదే ఆఫీసులో అతని చొక్కా లేని ఫోటో ఒకటి తిరిగింది. ఒళ్లు చూసి స్కౌట్లు ఒక వెక్కిరింత పేరు పెట్టారు, ఆ పేరు మోడల్ మాటను మింగేసింది. చివరికి లేకర్స్ జట్టు అతన్ని 48వ పిక్‌గా తీసుకుంది, మరుసటి ఏడాది అన్న పావ్ గసోల్ కోసం అతని హక్కులు మెంఫిస్‌కు ఇచ్చింది. 2013లో మార్క్ ఉత్తమ డిఫెండర్. అప్పటి హ్యూస్టన్ జనరల్ మేనేజర్ డారిల్ మోరీ ఆ తర్వాత ఆటగాళ్లకు మారుపేర్లు పెట్టడాన్నే నిషేధించాడు. నా 'స్లో' ఫైలు గుర్తుందిగా, అందుకే ఈ సంగతి నాకు గట్టిగా తగులుతుంది.

అయితే ఇది కళ్ల ఓటమి అని మీరు రాసుకోవద్దు. ఫోటో చూడటం ఆట చూడటం కాదు. ఆ స్కౌట్లు గసోల్ ఆటను సరిగ్గా చూసుంటే, అతను ఒక్క అడుగు పక్కకు జరిగి దారి మూసేసే తీరు కనిపించేది. అలా జరగడం వల్ల అవతలివాడు షాటే వెయ్యకుండా బంతి తిప్పేస్తాడు. వెయ్యని షాట్ ఏ పట్టికలో పడుతుంది చెప్పండి? కాలేజీ స్థాయి లెక్కల్లో ఎక్కడా పడదు. మంచి డిఫెన్స్‌లో సగం అలా రాయకుండానే పోతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఇప్పటికీ ఒక మనిషి టేప్ ముందు కూర్చోవాల్సిందే. అంకెలు ఎవరి టేప్ తెరవాలో చెబుతాయి. తెరిచాక మాత్రం చూడాలి సార్.

ప్రశ్న: మేడమ్, మా బాబుకి పదిహేనేళ్లు. 5 అడుగుల 8 అంగుళాలు. హైస్కూల్ జట్టులో చోటు ఇచ్చారు గానీ 'పొట్టి' అంటూ ఆడనివ్వడం లేదు. ఐజయా థామస్ వీడియోలు పెట్టుకుని రాత్రుళ్లు చూస్తుంటాడు. వాడికి ఆశ పెట్టాలా, వద్దనాలా తెలియడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, షార్లెట్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉన్నదున్నట్టు చెబుతాను, ఏమీ అనుకోకండి. ఐజయా థామస్ 5 అడుగుల 9 అంగుళాలు. 2011లో 60వ పిక్, అంటే ఆ రాత్రి పిలిచిన ఆఖరి పేరు. 2016–17లో బోస్టన్‌కు మ్యాచ్‌కు 28.9 పాయింట్లు వేశాడు. ఆ సీజన్ ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం ఆడే చివరి పోటీలు, మొదలయ్యే ముందు రోజు చెల్లెలు కారు ప్రమాదంలో పోయింది. ఆ దుఃఖంలోనే ఆడుతూ, ఆమె పుట్టినరోజునాడు 53 పాయింట్లు వేశాడు. ఆ రాత్రి నేనూ ఏడ్చాను. కానీ తుంటి గాయం అతన్ని మళ్లీ ఆ స్థాయికి రానివ్వలేదు, ఆ వేసవిలోనే బోస్టన్ అతన్ని వేరే జట్టుకు ఇచ్చేసింది. అతన్ని చూసి ఆనందించమనండి. అతనే కొలత అని మాత్రం అనుకోనివ్వకండి. అంత ఎత్తుతో అంత దూరం వెళ్లినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

బాబుకు జాలెన్ బ్రన్సన్ వీడియోలు చూపించండి. అతను 6 అడుగుల 2 అంగుళాలు, ఎన్‌బీఏలో అది కూడా పొట్టికిందే లెక్క. విలనోవా కాలేజీకి రెండు జాతీయ టైటిళ్లు తెచ్చాక కూడా 2018లో 33కి జారాడు. వేగంతో ఎవరినీ దాటడు. లోపలికి వెళ్తూ వెళ్తూ రెండు కాళ్లూ ఒక్కసారి నేలకు ఆన్చి టక్కున ఆగుతాడు. వెంట వచ్చే డిఫెండర్ ఆగలేక ముందుకు పోతాడు. అప్పుడు ఒక పాదం అక్కడే ఉంచి ఇటు తిరుగుతాడు, అటు తిరుగుతాడు, చోటు దొరికాక షాట్ వేస్తాడు. ఇది పొట్టివాడు పెరటిలో ఒంటరిగా నేర్చుకోగల విద్య. రోజూ ఇలా ఆగడం సాధన చెయ్యమనండి, ఎడమ వైపు యాభై, కుడి వైపు యాభై.

వద్దని మాత్రం అనకండమ్మా. పదిహేనేళ్లవాడి ఎత్తు ఇంకా తేలలేదు. ఎన్‌బీఏ రాకపోయినా, ఇష్టపడి నేర్చుకున్నది వాడికి ఉంటుంది. కోచ్‌ను 'ఎందుకు ఆడించరు' అని మీరు వెళ్లి అడగవద్దు. 'ఏది నేర్చుకుంటే ఆడిస్తారు' అని బాబునే వెళ్లి అడగమనండి. ఆ ప్రశ్నకు కోచ్‌లు ఎప్పుడూ జవాబు చెబుతారు.

ప్రశ్న: 55వ పిక్‌గా పోవడం మంచిదా, అసలు ఎవరూ తీసుకోకపోవడమే మంచిదా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: చాలాసార్లు తీసుకోకపోవడమే మంచిది. 55గా పోతే ఆ ఒక్క జట్టు చేతిలో ఉంటారు, ఆ జట్టులో మీ స్థానానికి నలుగురున్నా సరే. ఎవరూ తీసుకోకపోతే చోటు ఎక్కడ ఖాళీగా ఉందో చూసుకుని మీరే వెళ్లవచ్చు. ఆస్టిన్ రీవ్స్ 2021లో అలాగే లేకర్స్‌తో టూ-వే కాంట్రాక్టు రాసుకుని, సీజన్ మొదలయ్యే లోపే పూర్తి కాంట్రాక్టుకు మారాడు. టూ-వే అంటే కింది స్థాయి జీ లీగ్‌కూ అసలు జట్టుకూ మధ్య తిరిగే ఒప్పందం, ఇప్పుడు ఒక్కో జట్టుకు మూడు చోట్లున్నాయి. ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను 2016లో ఎవరూ తీసుకోలేదు, 2019లో టొరాంటోతో చాంపియన్. బెన్ వాలెస్‌ను 1996లో ఎవరూ తీసుకోలేదు. నాలుగుసార్లు ఉత్తమ డిఫెండర్ అయి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు.

ప్రశ్న: మీరు గెలిచినవాళ్ల కథలే చెబుతారు. ఓడినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. 2015లో 52వ పిక్‌గా పోయిన సత్నామ్ సింగ్ ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ కూడా ఆడలేదు. ఇదంతా అదృష్టమే కదా?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: గట్టిగా అడిగారు, అడగాల్సిన మాటే. రెండో రౌండ్‌లో పిలిచినవాళ్లలో చాలామంది నిలబడరు. యోకిచ్ ఒక్కడుంటే, కాంట్రాక్టు అందక ఐరోపాకో, ఆస్ట్రేలియాకో వెళ్లినవాళ్లు ఎందరో ఉంటారు. సత్నామ్ సంగతి నాకు బాగా గుర్తుంది. పంజాబ్‌లో ఒక పల్లె నుంచి ఫ్లోరిడా అకాడమీకి వచ్చిన పిల్లాడు, కాలేజీలో ఒక్క మ్యాచ్ ఆడకుండా 19 ఏళ్లకే డ్రాఫ్ట్‌కు వచ్చాడు. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పేరు పిలిపించుకున్న మొదటివాడు. 7 అడుగుల 2 అంగుళాలు. అయితే డల్లాస్ అతన్ని తీసుకునే నాటికి లీగ్‌లో ఆట మారిపోతోంది. రింగు కింద నిలబడే పొడుగువాణ్ని గార్డులు బయటికి లాగి త్రీలు వేస్తున్నారు. నేను వేసుకునే ప్రశ్న ఇక్కడ వేస్తే, అతను జారిన కారణం పాదాల వేగం. సరిగ్గా ఆ సమయంలోనే ఆట అడగడం మొదలుపెట్టింది దాన్నే. అదే కుర్రాడు ఇరవై ఏళ్ల ముందు వచ్చుంటే కథ వేరుగా ఉండేదేమో. అతని శ్రమను నేను చిన్నబుచ్చను.

అదృష్టం ఉంది. శాన్ ఆంటోనియో 1999లో మాను జినోబిలీని 58 పిక్‌లున్న డ్రాఫ్ట్‌లో 57వ పిక్‌గా తీసుకుంది. వాళ్ల దగ్గర అదే రాత్రి 29వ పిక్ కూడా ఉంది, అక్కడ అతని పేరు చెప్పలేదు. కాబట్టి వాళ్లూ ఊహించలేదు. కానీ ఆ జట్టుకు చెందిన ఆర్.సీ. బ్యూఫర్డ్ అంతకు రెండేళ్ల ముందే, 1997లో, మెల్‌బోర్న్‌లో జరిగిన 22 ఏళ్లలోపు ప్రపంచ పోటీల్లో అతన్ని చూసి వచ్చాడు. మిగతావాళ్లు అప్పటికి అర్జెంటీనా కుర్రాళ్ల కోసం అంత దూరం వెళ్లేవాళ్లు కాదు. పిక్ వాడాక మూడేళ్లు తొందరపెట్టలేదు. ఇటలీలో ఆడనిచ్చారు, అక్కడ 2001లో బొలోన్యాతో ఐరోపా క్లబ్బుల పోటీ యూరోలీగ్ గెలిచాడు, 2002లో ఇక్కడికి వచ్చాడు. నాలుగు చాంపియన్‌షిప్పులు. 57వ పిక్‌లో ఏం వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. మెల్‌బోర్న్ వెళ్లడం, మూడేళ్లు ఆగడం వాళ్ల చేతిలో ఉన్నాయి.

దొరికాక పోగొట్టుకోవడం కూడా ఉంది, అది మాత్రం అదృష్టం కాదు. బ్రన్సన్ నాలుగేళ్ల కాంట్రాక్టు ముగిసేలోపు తక్కువ మొత్తానికి పొడిగించుకునే వీలు డల్లాస్‌కు ఉండింది, అది చెయ్యలేదు. 2022లో న్యూయార్క్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లిచ్చి తీసుకుపోయింది. బదులుగా డల్లాస్‌కు ఆటగాడూ రాలేదు, పిక్కూ రాలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు మనసు మండుతుంది.

ప్రశ్న: అక్కా, జూలైలో లాస్ వేగస్ సమ్మర్ లీగ్‌కు టికెట్లు కొన్నాం. మొదటిసారి వెళ్తున్నాం. ఎక్కడ కూర్చోవాలి, ఏం చూడాలి?
– ఇద్దరు స్నేహితులు, ఫీనిక్స్

జవాబు: పేరున్నవాళ్ల మ్యాచ్‌లు థామస్ అండ్ మ్యాక్ సెంటర్‌లో ఉంటాయి, పక్కనే ఆనుకుని కాక్స్ పెవిలియన్ అనే చిన్న జిమ్ ఉంటుంది. మీరు కాక్స్‌కు వెళ్లండి. బెంచి వెనక, వీలైనంత కిందికి కూర్చోండి. అక్కడ ఆటగాళ్లు మాట్లాడుకునే మాటలు వినిపిస్తాయి.

స్కోరు చూడకండి. ఒక్క ఆటగాణ్ని ఎంచుకుని, బంతి అతని దగ్గర లేనప్పుడు అయిదు నిమిషాలు అతన్నే చూడండి. షాట్ తప్పాక ఎన్ని అడుగుల్లో వెనక్కి తిరుగుతాడు? తోటివాడి తప్పును ఎలా కప్పుతాడు? కోచ్ బయటికి పిలిస్తే బెంచిలో ఎక్కడ కూర్చుంటాడు, కోచ్ పక్కనా, చివరి కుర్చీలోనా?

ఒక ఏడాది అక్కడ నేనొక కుర్రాణ్ని అలా చూశాను. జట్టు పద్దెనిమిది పాయింట్లు వెనకబడింది, రెండు నిమిషాలే మిగిలాయి, జనం లేచి వెళ్లిపోతున్నారు. అవతలి గార్డు ఒంటరిగా బంతి తీసుకుని రింగు వైపు పోతున్నాడు. ఈ కుర్రాడు కోర్టు ఆ చివర నుంచి పరిగెత్తి, షాట్ ఆపలేకపోయినా, అతన్ని ఎడమ చేతి వైపుకు నెట్టాడు. షాట్ తప్పింది. రీబౌండ్ పట్టి, పాస్ ఇచ్చి, మళ్లీ ఆ చివరికి పరిగెత్తాడు. బంతి అతనికి తిరిగి రాలేదు. నేను జెర్సీ నంబరు, తేదీ రాసుకున్నాను. ఆ వేసవి అతనికి ఏ జట్టూ కాంట్రాక్టు ఇవ్వలేదు. ఇప్పుడు స్పెయిన్‌లో ఆడుతున్నాడు, నెలకోసారైనా అతని మ్యాచ్ ఒకటి పెట్టుకుని చూస్తాను.